ధరణి గెలిచిందా? ఎవరి లెక్క వారిది!

భూముల రికార్డును కంప్యూటర్‌కెక్కించిన ధరణి మంచిదా, చెడ్డదా? మండల ఆఫీసు గేటు లోపల అడిగితే ఒక జవాబు, గేటు బయట అడిగితే మరో జవాబు. విచిత్రమేమంటే ఎవరూ అబద్ధం చెప్పరు!

తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి మొదలయింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఈ నాలుగున్నరేళ్లలో ధరణికి కొందరు నూటికి నూరు మార్కులు వేశారు, కొందరు సున్నా చుట్టారు.

భూమి కొన్నవారి సంగతి చూడండి. పూర్వం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఒక ఎత్తు, ఆ కాగితం పట్టుకుని తహసీల్దారు ఆఫీసులో పేరు మార్పించుకోవడం మరో ఎత్తు. నెలలు పట్టినా అడిగే దిక్కు లేదు. ధరణిలో మీసేవకు పోయి స్లాటు తీసుకుని, మండల ఆఫీసులో వేలిముద్ర వేస్తే రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒక్క పూటలో అయిపోయేవి. చిక్కులేని పట్టా ఉన్నవారికి ఇంతకన్నా ఏం కావాలి? పని అయినవారు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

బ్యాంకులకూ సుఖమే. పాసుబుక్కు తాకట్టు పెట్టుకోకుండా, తెరమీద ఖాతా చూసి పంటరుణం ఇవ్వాలని 2020 చట్టం చెప్పింది. సర్కారేమో ఎన్ని రిజిస్ట్రేషన్లు అయ్యాయి, ఎంత రాబడి వచ్చింది అని చూసింది. ఆ లెక్కలో తప్పు లేదు. కాని రికార్డులోకి ఎక్కని రైతు ఆ లెక్కలోకి రాడు కదా!

ఆ రైతుల గోడు వేరు. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళనలో పేచీ ఉన్న భూములను 'పార్ట్-బి'లో పెట్టారు. వాటికి పాసుబుక్కు రాలేదు. కొందరికి రెండెకరాలు ఎకరమై కూర్చుంది. కొందరి పేరే తప్పు పడింది. సర్వే నంబరులో కొంత సర్కారు భూమి ఉంటే నంబరు నంబరంతా నిషేధిత జాబితాలోకి పోయిందని ఎన్నో ఊళ్లలో మొర వినిపించింది. తప్పు పాత రికార్డుదే. కంప్యూటర్ దాన్ని ఉన్నదున్నట్టు మింగి తాళం వేసుకుంది.

పహణీలో తప్పు పడితే అడగడానికి వెనుక ఊళ్లో ఒక మనిషి ఉండేవాడు, చేయి తడపవలసి వచ్చినా సరే! 2020లో వీఆర్వోలను తీసివేశారు. తహసీల్దారుకు రిజిస్ట్రేషన్ బాధ్యత ఇచ్చారు గాని దిద్దే అధికారం ఇవ్వలేదు. తప్పు సవరణకు ఫైలు కలెక్టరు లాగిన్‌కు పోవలసిందే. రెవెన్యూ అధికారుల దగ్గర అప్పీలు లేదు, సివిల్ కోర్టు మెట్లెక్కాలి. ఎకరంన్నర ఆసామికి అది అయ్యే పనేనా? అనుభవదారు కాలమ్ లేనందున కౌలుదారుకైతే ఆ రికార్డులో చోటే లేదు.

పాసుబుక్కు లేకపోతే పోయేది కాగితం ఒక్కటే కాదు. 2018లో మొదలైన రైతుబంధు సాయం, ఎకరానికి సీజనుకు 4 వేలు, తరువాత 5 వేలు, చేతికి రాలేదు. రైతుబీమా కూడా అంతే. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు కన్నుమూస్తే ఇంటివారికి 5 లక్షలు. అదే పొలం దున్ని, పాసుబుక్కు లేకుండా పోయిన రైతు ఇంట ఆ ఆసరా లేదు.

భూభారతి అప్పీలును తిరిగి తెచ్చింది. 2025 జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. ఎన్ని వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి అని మళ్లీ లెక్కలు మొదలయ్యాయి. ఆఫీసుకు పరిష్కారమంటే ఫైలు మూయడం, రైతుకు పాసుబుక్కు చేతికి రావడం. దరఖాస్తు ఇచ్చినవారు రసీదు జాగ్రత్త పెట్టుకోవాలి. తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే గడువులోగా ఆర్డీవోకు, అక్కడా న్యాయం కాకపోతే కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు.