జగ్గయ్యపేట గుట్టలలో ప్రాతఃకాల విహారము

నందిగామ నల్లరేగడి చేలు దాటి పడమటికి పోగా, జగ్గయ్యపేట చెంత నేల మారి రాతిగుట్టలు కానవచ్చును. విద్యార్థులారా, ఎండ ముదురకమున్నే అచ్చటికి నడచిపోయి కాలిక్రింది రాతిని పరికింపుడు. బూడిదవన్నెతో పలకలు పలకలుగా పేర్చినట్లుండు నదియే సున్నపురాయి. దాని పొడిపై నిమ్మరసము పిండినచో సన్నని నురుగు లేచును. రాతియందు ఇమిడియున్న బొగ్గుపులుసు గాలి వెలువడుటయే కారణము. తరగతిలో మేము వాడు సుద్దముక్కల పొడిపై పిండిచూడుడు. పెక్కింటికి నురుగు రాదు. అవి జిప్సముతో చేసినవి. పేరు మాత్రమే సుద్ద!

ఇంగ్లండు దక్షిణతీరమందలి నిజమైన సుద్దకొండలు సముద్రపు సూక్ష్మజీవుల పెంకులు పేరుకొని యేర్పడినవి. వానిలో మిక్కిలి ప్రాతవియు సుమారు పదికోట్ల యేండ్లవి. మన రాయియు సముద్రము క్రిందనే పుట్టినది గాని, ఏబదికోట్ల యేండ్లకు పైబడినది. నాటికి గవ్వలుగల ప్రాణులు లేవు. కావున ఎంత వెదకినను దీనిలో గవ్వ దొరకదు.

ఈ మెట్టసీమ చిట్టడవులలో మోదుగ, చండ్ర, తుమికి, రేల మున్నగు చెట్లు పెరుగును. వంటచెరకునకై ఇట్టి అడవిని కొట్టుటకు ఒక క్రమము కలదు. ముప్పది యేండ్ల వంతు పెట్టినచో అడవిని ముప్పది భాగములుచేసి, ఏటికొక భాగమును మాత్రమే నేలకు దగ్గరగా నరకుదురు. అట్టి భాగమునకు కూపు అని పేరు. తొలకరికి మోడునుండి పిలకలు వచ్చును. వేరు ప్రాతది గనుక అవి విత్తుమొలకకంటె వడిగా ఎదుగును. కాని మొదటి యేండ్లలో వానిని మేకనోటినుండి కాపాడవలయును. మేకలుగల యింటి బాలురు ఈ మాటకు నొచ్చుకొనరాదు; కూపు ఎదిగినవెనుక వారి మందకును మేత కలదు.

రాతికి పిలకలు రావు. ధనబోడు గుట్టపై పాలరాయివలె కనబడు సున్నపురాతి పలకలతో కట్టిన బౌద్ధస్తూపముండెను. 1882లో బర్జెస్ దొర పరిశీలించునాటికే పెక్కు పలకలు జనుల కట్టడములకు తరలిపోయినవి. మిగిలినవానిలో ప్రసిద్ధమైన చక్రవర్తి శిల్పము చెన్నపురి వస్తుప్రదర్శనశాలకు చేరినది. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని ఇరువదియవ యేట సిద్ధార్థుడను శిల్పి ఆయకస్తంభములను నిలిపినట్లు తెలుపు శాసనమును ఇచ్చటనే దొరకినది.

నేడు ఈ ప్రాంతపు సున్నపురాతిని బంకమట్టి మున్నగువానితో కలిపి, సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి సిమెంటు చేయుచున్నారు. మన యిండ్లును దానితో కట్టినవే గనుక ఆ పనిని నిందించుట నాకు చేతకాదు. అయినను త్రవ్వినచోట గుంటయే మిగులును. మీ యూరి గుట్టల పేర్లను పెద్దలనడిగి, ఏది చెక్కుచెదరక యున్నదో, ఏది త్రవ్వబడినదో వ్రాసికొని రండు. సెలవులు ముగిసినపిమ్మట తరగతిలో పటము గీయుదము.