లిఫ్ట్ ఇప్పే ముందు రోగం ఏందో తెలుసుకోవాలె

ఇంజన్ స్టార్ట్ అయితది, గేర్ పడ్తది, కల్టివేటర్ మాత్రం భూమి ఇడిచి లేవదు. పాత ట్రాక్టర్ ఉన్న ప్రతి ఇంట్ల ఎప్పుడో ఒకనాడు వచ్చే తిప్పలే ఇది. అది కూడా సరిగ్గ వాన పడి, చెలక అదును మీదున్న రోజే వస్తది.

శంషాబాద్ చుట్టుపక్కల ఊర్లల్ల ఈ తిప్పలకు ఇంకింత బరువున్నది. ఎయిర్‌పోర్ట్ కిందనే దాదాపు 5,500 ఎకరాలు పోయినయి. 2008ల ఇమానాలు దిగుడు షురూ అయినంక మిగిలిన చెలకలల్ల ప్లాట్ల రాళ్లు లేసినయి. రెండు మూడెకరాలు చేతుల మిగిలిన రైతు లక్షలు పోసి కొత్త ట్రాక్టర్ కొనలేడు. పాత మాస్సీతోనో, పాత మహీంద్రాతోనో ఎల్లదీస్తడు. లిఫ్ట్ పోయిందని దాన్ని అగ్గువకు అమ్ముకుంటే, ఇగ ఎవుసం కూడా దాని ఎంబడే పోతది. అందుకే ఊర్ల పోరగాండ్లు ఒక్క ముచ్చట యాదిల పెట్టుకోవాలె: లిఫ్ట్ పైమూత ఇప్పుడు మొదటి పని కాదు, ఆఖరి పని.

ముందుగాల ఇది ఎట్ల పనిచేస్తదో చూద్దాం. నాగలిని మూడు పాయింట్ల మీద ట్రాక్టర్‌కు తగిలించి, నూనె ఒత్తిడితోని లేపే పద్ధతిని 1920లల్ల ఐర్లాండ్ దిక్కు హ్యారీ ఫెర్గుసన్ అనే మెకానిక్ తయారు చేసిండు. మాస్సీ ఫెర్గుసన్‌ల ఉన్న ఫెర్గుసన్ ఆయన పేరే. 1960ల మద్రాసుల మొదలైన టాఫే కంపెనీ ఆ బండ్లను మన దగ్గరికి తెచ్చింది. ఏ కంపెనీ బండైనా లోపటి దారి కొంచెం అటిటు ఇసుంటిదే. నూనె జాలీల నుంచి పంపుకు పోతది. పంపు దాన్ని నెడితే, వాల్వ్ దారి ఇస్తది. సిలిండర్ల పిస్టన్ జరిగి చేతులను లేపుతది. ఈ దారిల ఎక్కడ ఆగిందో, ఎక్కడ కారుతుందో పట్టుకునుడే రోగం తెలుసుకునుడు.

పైసా ఖర్చు లేని పరీక్షలతోని షురూ చేయాలె. మొదలు లివర్లు చూడాలె. పాత మాస్సీలల్ల హైడ్రాలిక్ పంపు పీటీవో షాఫ్ట్‌తోని తిరుగుతది. పీటీవో లివర్ న్యూట్రల్‌ల ఉంటే పంపే తిరగదు, లిఫ్ట్ ఎక్కడి నుంచి లేస్తది? అట్లనే డ్రాఫ్ట్ లివర్‌ను పైకి పెట్టి, పొజిషన్ లివర్‌తోని లేపి చూడాలె.

రెండోది నూనె. బండిని సాపు జాగల నిలబెట్టి గేజ్ పుల్ల గుంజి చూడాలె. చానా పాత బండ్లల్ల గేర్‌బాక్స్‌కు, లిఫ్ట్‌కు ఒక్కటే నూనె. హైడ్రాలిక్ ట్రాలీ ఎత్తేటందుకు కూడా ఇదే నూనె పోతది. ఒకరి ట్రాలీ ఒకరు తగిలించుకుంటుంటే నూనె తగ్గుతది, వేరే బండి మురికి మన బండిలకు వస్తది. నూనె పాల లెక్క తెల్లగ ఉంటే నీళ్లు కలిసినట్టు. కరిగట దున్నే బండ్లకు ఇది ఎక్కువ. నురగ కడుతుంటే పంపు గాలి గుంజుతున్నట్టు.

మూడోది జాలీ. నూనె సరిపోను ఉండి కూడా లిఫ్ట్ మెల్లగ లేస్తూ, పంపు కాడ కుయ్యిమని సప్పుడు వస్తుంటే, జాలీ మూసుకపోయిందేమో చూడాలె. దాన్ని కడిగి, నూనె మార్చినంకనే పంపు మీద అనుమానపడాలె.

ఈ మూడు మంచిగున్నా లేవకపోతే, ఎట్ల లేస్తలేదో గమనించాలె. ఉత్త చేతులు కూడా లేవకపోతే పంపు తిరుగుతలేదు, లేదంటే వాల్వ్ పట్టేసింది. ఉత్తగ లేసి, బరువు తగిలిస్తే లేవకపోతే ఒత్తిడి చాలుతలేదు. రిలీఫ్ వాల్వ్ ముందే ఇడుస్తుండొచ్చు, పంపు అరిగి ఉండొచ్చు, సిలిండర్ సీలు కారుతుండొచ్చు. పొద్దుగాల మంచిగ లేసి, బండి కాగినంక లేవకపోతే అరుగుడు రోగమే. కాగిన నూనె పల్చగైతది, అరిగిన సందులల్ల నుంచి జారిపోతది.

పంపుదా, సిలిండర్‌దా అని తేల్చేటందుకు ఒక మంచి పరీక్ష ఉన్నది. కల్టివేటర్‌ను లేపి, లివర్‌ను పైననే ఉంచి, ఇంజన్ బంద్ చేయాలె. ఎంత ఎత్తుల ఉన్నదో గుర్తు పెట్టుకొని, దూరం జరిగి చూడాలె. పాత బండి గంటలకొద్దీ కొంచెం కొంచెం దిగుడు మామూలే. కండ్ల ముందల్నే దిగుతుంటే మాత్రం పంపు తర్వాత ఎక్కడనో కారుతున్నది: సిలిండర్ సీలో, వాల్వో, ట్రాలీ పైపు తగిలించే కాడనో. ఇంజన్ నడుస్తున్నప్పుడు లిఫ్ట్ తల ఊపినట్టు దిగుతూ లేస్తూ ఉంటే కూడా అదే అర్థం. కారిపోయిన నూనెను పంపు మల్లమల్ల నింపుతున్నది. అసుంటప్పుడు పంపు మార్చుమంటే ఊకోవద్దు, ఎందుకని అడగాలె.

ఇగ లేసింది దిగకపోతే, కొన్ని బండ్లకు సీటు కింద దిగే వేగాన్ని తిప్పే నాబ్ ఉంటది. అది పూరా బిగిసిందేమో చూడాలె.

చేయొద్దని పనులు కూడా ఉన్నయి. లేపిన పనిముట్టు కిందికి పోవద్దు. గట్టి మొద్దులు పెట్టకుంట చేతులు కూడా పెట్టొద్దు. సన్న రంధ్రం నుంచి ఒత్తిడితోని కొట్టే నూనె తోలును చీల్చుకొని లోపటికి పోతది, చెయ్యి తీసేసేదాక వస్తది. కారే జాగను వేలితోని కాదు, అట్టముక్కతోని చూడాలె. బరువు లేవకపోతే రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ కింద వాషర్లు ఏసి బిగించే అలవాటు కొందరికి ఉన్నది. ఒత్తిడి ఎక్కువైనప్పుడు ఇడిచేటందుకే ఆ వాల్వ్ ఉన్నది. దాన్ని మూసేస్తే ఇయ్యాల లేస్తది, రేపు పంపో, పైపో పలుగుతది.

ఇదంతా తెలిస్తే మెకానిక్ పని లేదని కాదు. పైమూత ఇప్పుడు, సీళ్లు మార్చుడు చెయ్యి తిరిగినోళ్ల పని. కానీ "లిఫ్ట్ పోయింది, చూడుండ్రి" అంటే ఆయన చీకట్ల ఎతుకుతడు. "నూనె మంచిగున్నది, జాలీ కడిగినం, ఉత్తగ లేస్తది, కాగినంక బరువుతోని లేవదు, బంద్ చేస్తే దిగుతది" అంటే సగం పని అయినట్టే. మార్చిన పాత సామాన్ మనకు ఇయ్యుమని కూడా అడగాలె.

కంపెనీలను, సర్కారును అడగాల్సింది కూడా ఉన్నది. 2022ల కేంద్రం మరమ్మతు హక్కు మీద కమిటీ ఏసినప్పుడు మొబైళ్లు, కార్లతోని పాటు ఎవుసం యంత్రాలను కూడా అందుల చేర్చింది. ఆ హక్కు మన ఊరికి రావాలంటే మరమ్మతు పుస్తకం తెలుగుల ఉండాలె. ట్రాక్టర్ రిపేర్ నేర్పే కేంద్ర సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెల ఉన్నది. మనకు పక్కనే రాజేంద్రనగర్‌ల వ్యవసాయ యూనివర్సిటీ ఉన్నది. వానకాలానికి ముందు శంషాబాద్ మండలంల నాలుగు రోజులు రిపేర్ శిబిరం పెట్టుమని పంచాయతీ తీర్మానం చేసి పంపుడు పెద్ద పని కాదు. అడిగే పోరగాండ్లు ఊరికి పదిమంది ఉంటే చాలు.