రోడ్డు దాటితే ఒక్క గీతే

దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ల సామాన్లలో ఒకప్పుడు బ్లాంకెట్లు, సెంటు సీసాలు, టేప్‌రికార్డర్లు ఉండేవి. 2008 అటూ ఇటుగా ఆ వరసలోకి ల్యాప్‌టాప్ వచ్చి చేరింది. నిజామాబాద్ జిల్లా బాల్కొండ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, భీంగల్ దిక్కు ఇళ్లలో ఆ ల్యాప్‌టాప్‌ను గుర్తుపట్టడం తేలిక. కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరం పక్కనే అరబిక్ అక్షరం కూడా ఉంటుంది. శంషాబాద్‌లో దిగి, జీపు మాట్లాడుకుని ఊరు చేరి, దాన్ని మంచం మీద పెట్టి తెరిచాక అసలు చిక్కు ఎదురయ్యేది. సినిమా చూడొచ్చు, పెండ్లి సీడీ వేసుకోవచ్చు. కానీ కొన్నది అందుకు కాదు గదా! తిరిగి దుబాయ్ పోయినంక పెండ్లాం పిల్లల మొఖాలు చూడాలని. దానికి నెట్ కావాలి.

ల్యాండ్‌లైన్ బ్రాడ్‌బ్యాండ్‌ను బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలోనే తెచ్చింది. అయితే అది రాగి తీగ మీద నడిచే వ్యవహారం. ఎక్స్ఛేంజీకి దూరం జరిగినకొద్దీ వేగం పడిపోతుంది. నాలుగైదు కిలోమీటర్లు దాటితే లైను నిలబడదు. మధ్యలో ఏ జాయింటులోకో వాన నీళ్లు దిగినా అంతే సంగతి. మండల కేంద్రంలో ఉన్నవాళ్లకు సరే, ఊరవతల పసుపు చేన్ల మధ్య కొత్త బిల్డింగు కట్టుకున్న గల్ఫ్ కుటుంబానికి అది అందని పండు. అట్లాంటి ఇంట్లోకి వచ్చిందే డేటా కార్డు. కొందరు డాంగిల్ అన్నారు, కొందరు నెట్ కార్డ్ అన్నారు. ఐడియా కంపెనీ తన సరుక్కి పెట్టుకున్న నెట్‌సెట్టర్ పేరు చాలామంది నోట అన్ని కంపెనీల కార్డులకూ పేరైపోయింది.

ఈ కార్డుల తొలి తరం ల్యాప్‌టాప్ పక్కనున్న చీలికలో దూర్చేది, వెడల్పాటి రేకు ముక్కలాంటిది. బీఎస్ఎన్ఎల్ తన సీడీఎంఏ కార్డును 'నిక్' పేరుతో ఇచ్చింది. రిలయన్స్, టాటా ఇండికామ్ కార్డులదీ అదే సీడీఎంఏ దారి. కంప్యూటర్ నుంచి #777 అని డయల్ చేయాలి. నంబరు కలిసిందంటే నెట్ వచ్చినట్టు. వేగం కాగితం మీద 153.6 కేబీపీఎస్. ఆ లెక్కన ఒక పాటకు నాలుగైదు నిమిషాలు. సీడీకి సరిపడే 700 ఎంబీ సినిమా దింపాలంటే, మధ్యలో ఒక్కసారి కూడా తెగకుండా ఉంటే పది గంటలు. తెగకుండా ఉండేది కాదు.

2009లో బొమ్మ మారింది. రిలయన్స్ నెట్‌కనెక్ట్ బ్రాడ్‌బ్యాండ్ ప్లస్, టాటా ఫోటాన్ ప్లస్ పేర్లతో యూఎస్‌బీలో గుచ్చే కార్డులు వచ్చాయి. పత్రికల్లో పెద్దక్షరాలతో ఒకటే అంకె: 3.1 ఎంబీపీఎస్. అదే సినిమా అరగంటలో దిగిపోతుందన్నమాట. కార్డు ధర రెండు వేల నుంచి మూడున్నర వేల మధ్య. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు ముందు కొన్నారు. అమీర్‌పేట హాస్టల్ గదిలో బాగానే నడిచింది. దసరాకు ఊరొచ్చి గుచ్చితే పేజీ తెరుచుకోదు. కొన్నచోట పనిచేసిన వస్తువు ఇంటికొచ్చేసరికి మొరాయిస్తే ఎవరిననాలి? ముందు కంప్యూటర్ మీద అనుమానం. తర్వాత వైరస్ మీద. ఫార్మాట్ కొట్టించడానికి ఆర్మూర్ దాకా ఒక తిరుగుడు. కార్డు కంపెనీ మీదికి అనుమానం పోయేది అన్నిటికన్నా ఆఖర్న.

ప్రకటన చెప్పని మాట ఇది. 3.1 అనేది మీ ఒక్కరి వేగం కాదు. టవర్ మీద మూడు దిక్కులకూ మూడు యాంటెనాలు ఉంటాయి. ఒక దిక్కుకు ఒక క్యారియర్ పెడితే, ఆ దిక్కున ఉన్న ఇళ్లన్నిటికీ కలిపి అత్యధికంగా అందే వేగం 3.1. పది మంది ఒకేసారి కూర్చుంటే పంచుకోవాల్సిందే. అందులోనూ టవర్‌కు దగ్గరున్నవాడి వాటా వేరు, దూరంగా ఉన్నవాడి వాటా వేరు. ఇక ఆ కొత్త పరికరాలు బిగించని టవర్ కిందికి పోతే కార్డు చప్పుడు చేయకుండా పాత 153.6కు దిగిపోతుంది. కనెక్టయినట్టే చూపిస్తుంది, బిల్లు కూడా అదే బిల్లు. నా దృష్టిలో ఆ కాలపు అసలు మోసం ఇదే. కార్డు పాడైతే తెలుస్తుంది, తిప్పి పంపొచ్చు. పాడుకాకుండానే పనిచేయకపోతే ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

బాల్కొండ నేల తీరు చూస్తే ఈ కథ ఇంకా బాగా అర్థమవుతుంది. కాశీ నుంచి కన్యాకుమారికి పోయే పాత ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 44, ఆర్మూర్ దాటాక బాల్కొండ మీదుగా నిర్మల్‌కు పోతుంది. ఏ టెలిఫోన్ కంపెనీ అయినా ముందు చూసేది రోడ్డునే. లారీలు, బస్సులు, దాబాలు, పెట్రోలు బంకులు, అన్నిట్లోనూ ఫోన్లే. టవర్లు ఆ గీత వెంబడి లేచాయి. ఒక పక్క శ్రీరాంసాగర్ నీళ్లు. 1963లో నెహ్రూ పోచంపాడులో శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు దిక్కున చేపలు తప్ప కస్టమర్లు లేరు, టవర్ ఎవరు పెడతారు? ఇంకో పక్క పసుపు, మక్క, ఎర్రజొన్న చేన్ల మధ్య ఊళ్లు. రోడ్డు మీద హోటల్లో కూర్చుంటే అయిదు గీతలు. లోపలి ఊళ్లోకి పోతే ఒకటి, అదీ గోడ పక్కకు జరిగితే మాయం.

సిగ్నల్ ఇంట్లోకి రాకపోతే కార్డే సిగ్నల్ దగ్గరికి పోవాలి. మీటరున్నర పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొనుక్కొచ్చేవాళ్లు. ల్యాప్‌టాప్ లోపల మంచం మీద, వైరు కిటికీ ఊచల్లోంచి బయటికి, దాని కొసకు కార్డు. గాలికి ఊగకుండా ఒక దారంతో ఊచకు కట్టేవాళ్లు. కార్డు మీదున్న చిన్న లైటే దిక్సూచి. హువావే కార్డుల్లో ఆకుపచ్చగా మిణుకుమంటే పాత 2జీ, నీలం మిణుకుమంటే 3జీ దొరికినట్టు. ఒకరు బయట నిలబడి కార్డును అటూ ఇటూ తిప్పుతుంటే, ఇంకొకరు లోపల్నుంచి "నీలం పడ్డదా? ఆగు, గట్లనే ఉంచు" అని అరవాలి. కాసేపటికి కార్డు కాలిపోయేంత వేడెక్కేది. దూరపు టవర్‌ను అందుకోవడానికి అది మరింత గట్టిగా రేడియో పంపాల్సి వస్తుంది కాబట్టి ఆ వేడి. ఎండాకాలం మధ్యాహ్నాలైతే తడిగుడ్డ కప్పినవాళ్లూ ఉన్నారు. ఎలక్ట్రానిక్ వస్తువుకు తడిగుడ్డేమిటని నవ్వొద్దు. నిజామాబాద్ మే నెల ఎండ చూసినవాళ్లెవరూ నవ్వరు.

ఇన్ని తిప్పలుపడి అయిదు గీతలూ రప్పించినా పేజీ తెరుచుకోని సాయంత్రాలుండేవి. ఆ గీతలు చెప్పేది కార్డుకూ టవర్‌కూ మధ్య బలం ఎంతుందో మాత్రమే. టవర్ నుంచి అవతలికి పోయే దారి ఇరుకైతే గీతలేం చేస్తాయి? అప్పట్లో పల్లె టవర్లలో ఎక్కువ భాగం ఫైబర్ మీద కాకుండా ఒకదాన్నుంచి ఒకదానికి మైక్రోవేవ్ డిష్‌లతో కలిసి ఉండేవి. ఏడింటికి అందరూ ఒకేసారి కూర్చుంటే ఆ డిష్ దగ్గరే అంతా ఆగిపోయేది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పరీక్షా ఫలితాలు చూసుకున్న డిగ్రీ పిల్లలకు ఈ కిటుకు ఇంజినీర్లకన్నా ముందే తెలుసు. కరెంటు కోతలు ఇంకో బాధ. ల్యాప్‌టాప్‌కు రెండు గంటల బ్యాటరీ ఉంటుంది గనుక కరెంటు పోయినా ఫరవాలేదనుకుంటాం. కానీ టవర్‌కూ అదే కరెంటు. దాని బ్యాటరీలు అయిపోయి, జనరేటర్లో డీజిల్ లేకపోతే ఊరంతటికీ గీతలు ఒక్కసారే ఆరిపోయేవి.

గల్ఫ్ ఇళ్ల అనుభవం వీటన్నిటికీ భిన్నం. వాళ్లకు సినిమాలు, ఫలితాలు ముఖ్యం కాదు, స్కైప్ ముఖ్యం. ఎదుటి మనిషి బొమ్మ కనపడాలంటే రానూ పోనూ కనీసం 128 కేబీపీఎస్ కావాలి. పాత సీడీఎంఏ వేగం కాగితం మీద దానికి సరిపోయినట్టే కనిపిస్తుంది, నడిచేటప్పుడు అందులో సగం కూడా నిలకడగా ఉండదు. మాట వచ్చేది, మొఖం రాయిలా నిలబడిపోయేది. "బాపూ, నువ్వు కదుల్తలేవు" అనే పిల్లల మాట ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లలో వినపడి ఉంటుందో! ఇంకో కారణం ఈ ఒడ్డున ఎవరికీ తోచనిది. యూఏఈలోనూ సౌదీలోనూ ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలుండేవి. సౌదీ 2017 సెప్టెంబరులో సడలించింది, యూఏఈ ఇప్పటికీ చాలావరకు పట్టుకునే ఉంది. అవతల గేటు వేసి ఉంటే ఇవతల కార్డును ఎన్ని వైపులకు తిప్పినా ఏం లాభం? కానీ తిట్లు పడ్డది కిటికీకి వేలాడే కార్డుకే.

బోధన్ దిక్కు గొడవ వేగం గురించి కాదు, బిల్లు గురించి. సాలూర దాటి మంజీర దాటితే మహారాష్ట్ర. టవర్ సిగ్నల్‌కు చెక్‌పోస్టు ఉండదు. సరిహద్దు ఊళ్లలో ఇంట్లో కూర్చున్నా కార్డు కొన్నిసార్లు అవతలి రాష్ట్రపు టవర్‌ను పట్టుకునేది. కదలని మనిషి రోమింగ్‌లో ఉన్నట్టు లెక్క. చెరకు డబ్బుల కోసం షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ చుట్టూ తిరిగిన రైతులకు రాసుకున్న లెక్క ఒకటి, వచ్చిన లెక్క ఒకటి కావడం కొత్తేమీ కాదు. ఇప్పుడు వాళ్ల పిల్లలకు అదే అనుభవం ఎంబీల్లో ఎదురైంది. 'అన్‌లిమిటెడ్' ప్లాన్లదీ ఇదే తంతు. కొన్ని జీబీలు దాటగానే వేగం నత్తనడకకు పడిపోయే షరతు నక్షత్రం గుర్తు కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది.

అందరూ నష్టపోయారని రాస్తే అబద్ధమవుతుంది. హైవే పక్క ఎరువుల దుకాణాలు, అంకాపూర్ విత్తన వ్యాపారులు, రోడ్డు మీది ఇంటర్నెట్ సెంటర్లు ఈ కార్డుతోనే కొన్నేళ్లు పని నడిపించుకున్నారు. లైన్‌మన్‌ను బతిమాలే పని లేదు, స్తంభం పడిపోయిందన్న బాధ లేదు. వెబ్ కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టుకునే పిల్లకు అది బ్రహ్మాండమైన వస్తువు. 2010 వేలంలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు ఎయిర్‌టెల్, ఐడియా, ఎయిర్‌సెల్ 3జీ స్పెక్ట్రం గెలుచుకున్నాక పోటీ పెరిగింది, ధరలు దిగాయి, సిమ్ మార్చుకునే కార్డులు వచ్చాయి. కంపెనీ తాళం వేసి అమ్మిన కార్డును అన్‌లాక్ చేసే కుర్రాళ్లు నిజామాబాద్ సెల్ దుకాణాల్లో తయారయ్యారు.

నష్టపోయినవాళ్లు మాత్రం ఎక్కడికి పోవాలి? 198కి ఫోన్ చేస్తే ఒక డాకెట్ నంబరు ఇస్తారు. "మీ ఏరియాలో నెట్‌వర్క్ బాగానే ఉంది సార్" అనే సమాధానం వస్తుంది. జిల్లా వినియోగదారుల ఫోరం ఉంది గదా, వకీలు లేకుండానే అర్జీ పెట్టొచ్చు గదా అంటారేమో. డేటా కార్డులు జోరుగా అమ్ముడుపోతున్న 2009లోనే, సెప్టెంబరు ఒకటిన, ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. టెలికాం జనరల్ మేనేజర్‌కూ ఎం. కృష్ణన్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 7బి సెక్షన్ కింద మధ్యవర్తి దగ్గరికే పోవాలి తప్ప ఇలాంటి వివాదాలు వినియోగదారుల ఫోరంలో చెల్లవని చెప్పింది. అది ప్రభుత్వ టెలిఫోన్ బిల్లు తగాదా. ప్రైవేటు కంపెనీల వకీళ్లు కూడా అదే కాగితం చూపించడం మొదలుపెట్టారు. ఆ తీర్పు ప్రైవేటు కంపెనీలకు వర్తించదని టెలికాం శాఖ 2014లో ఉత్తరం రాసింది. సుప్రీంకోర్టు స్వయంగా ఆ తలుపు తెరిచింది 2022 ఫిబ్రవరి 16న, వొడాఫోన్ ఐడియా కేసులో. మధ్యలో పన్నెండేళ్లు దాటిపోయాయి. మూడు వేల కార్డు కోసం హైకోర్టు మెట్లెక్కే రైతు ఎవడున్నాడు?

ఆ పన్నెండేళ్లలో అమ్మినవాళ్లు కూడా మిగల్లేదు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక ఫోనే డేటా కార్డయింది, హాట్‌స్పాట్ పెడితే ల్యాప్‌టాప్‌కు నెట్. రిలయన్స్ కమ్యూనికేషన్స్ మొబైల్ వ్యాపారం 2017 చివర్లో మూతపడింది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా తీసింది. అదే ఏడాది ఆగస్టులో ఐడియా, వొడాఫోన్ ఒకటైపోయాయి. టాటా మొబైల్ 2019 జూలైలో ఎయిర్‌టెల్‌లో కలిసింది. నంబరును కార్డులోనే నింపి అమ్మిన సీడీఎంఏ డాంగిళ్లకు వేరే సిమ్ వేసుకునే వీలు కూడా లేదు. నెట్‌వర్క్ పోయిన రోజే అవి ప్లాస్టిక్ అయిపోయాయి.

ఇప్పుడు అదే బేరం కొత్త డబ్బాలో వస్తోంది. మేడ మీద రిసీవర్ బిగించి, తీగ లేకుండా 5జీ సిగ్నల్‌ను ఇంటి వైఫైగా మార్చే కనెక్షన్లు పట్టణాల నుంచి పల్లెలకు దిగుతున్నాయి. ప్రకటనలో ఈసారి అంకె మూడు కాదు, వందల్లో ఉంటుంది. పంచుకునే సూత్రం మాత్రం మారలేదు. బిగించే కుర్రాడిని రాత్రి ఎనిమిదింటికి రమ్మనండి, పొద్దున పదకొండింటికి వేగం చూపించి సంతకం పెట్టించుకుంటానంటే ఒప్పుకోకండి. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ డాకెట్ నంబరు రాసిపెట్టుకోండి. వస్తువుకో సేవకో మీరు కట్టిన ధర అయిదు లక్షలు దాటని కేసుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము ఒక్క రూపాయి కూడా లేదు. ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు, ఆ వేళకు నెట్ ఉంటే.