జనం మధ్యలో పట్టిన గిటారు

1968 డిసెంబరు 30 రాత్రి. అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ నగరం. గొంజాగా విశ్వవిద్యాలయం వ్యాయామశాలలో కచేరీ. పెద్ద పేరు వనిల్లా ఫజ్ బృందానిది. వాళ్లకు ముందు కాసేపు వాయించి వెళ్లడానికి ఇంగ్లండు నుంచి నలుగురు వచ్చారు. అమెరికాలో వాళ్ల తొలి కచేరీ అయి నాలుగు రోజులే. తొలి ఆల్బమ్ రావడానికి ఇంకా రెండు వారాలుంది. పత్రిక ప్రకటనలో పేరు కూడా ‘లెన్ జెఫ్లిన్’ అని తప్పు పడింది. అసలు పేరు లెడ్ జెప్లిన్. గిటారు జిమ్మీ పేజ్‌ది. ఆ రాత్రి జనంలో ఎవరి దగ్గరో టేప్‌రికార్డరు ఉంది. ఇవాళ అభిమానుల చేతుల్లో ఉన్న లెడ్ జెప్లిన్ కచేరీ టేపులన్నిటిలోకి పాతది అదే.

స్టూడియోలో శుభ్రంగా చేసిన ఆల్బమ్ ఉండగా, బుసకొట్టే ఈ టేపు ఎందుకు? అడగాల్సిన ప్రశ్నే. ‘డేజ్డ్ అండ్ కన్ఫ్యూజ్డ్’ అనే పాట ఆల్బమ్‌లో ఆరున్నర నిమిషాలు. వేదిక మీద పేజ్ వయొలిన్ కమాను తీసుకుని గిటారు తీగల మీద రాస్తూ దాన్ని పెంచుకుంటూ పోయాడు. కొన్నేళ్లకు అదే పాట అరగంట దాకా సాగేది. ఎక్కడ పెరిగింది, ఏ ఊళ్లో ఏ కొత్త మలుపు తిరిగింది అన్నది ఆల్బమ్ చెప్పదు. ఒకే కృతిని ఒకే విద్వాంసుడు పది సభల్లో పది రకాలుగా పాడితే పదీ వినాలనుకునే రసికులు మనకూ ఉన్నారు. వాళ్లకు ఈ ఆరాటం వేరే చెప్పక్కర్లేదు.

మరి కంపెనీయే రికార్డు చేసి ఉండదా? పేరు వచ్చాక చేస్తుంది. పేరు రాకముందు, పెద్ద బృందానికి ముందు అరగంటో ముప్పావుగంటో వాయించి దిగిపోయేవాళ్ల కోసం పెద్ద యంత్రాలను ఊరూరా ఎవరు మోస్తారు? అందుకే ఏ గిటారిస్టుకైనా తొలి ఏడాది, అంటే అతని చెయ్యి ఇంకా దారి వెతుక్కుంటున్న కాలం, చాలావరకు గాలిలో కలిసిపోయింది. మిగిలిందల్లా టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు పట్టినదే.

అదీ దొంగచాటుగానే. లెడ్ జెప్లిన్ మేనేజరు పీటర్ గ్రాంట్‌కు జనంలో మైకు కనపడితే ఒళ్లు మండేది. 1971లో వాంకూవర్‌లో అలాంటిదే ఒకటి చూసి ముక్కలు చేయించాడు. తీరా అది శబ్దం ఎంత పెరిగిందో కొలవడానికి వచ్చిన నగర అధికారుల పరికరం. లాస్ ఏంజిలిస్‌లో మైక్ మిలార్డ్ అనే అభిమాని ఇంకో దారి పట్టాడు. చక్కగా నడవగలిగినవాడే అయినా చక్రాల కుర్చీలో కూర్చుని లోపలికి వెళ్లేవాడు. నకమిచి రికార్డరు కుర్చీలోనే దాగి ఉండేది. 1970లలో అలా పట్టిన అతని టేపులకు ఇవాళ్టికీ సాటి వచ్చేవి తక్కువ.

అందరికీ నకమిచి యంత్రం, మంచి మైకులు ఎక్కడివి? ఆ కాలపు చిన్న రికార్డర్లలో చాలావాటికి శబ్దం మట్టాన్ని తమంతట తామే సర్దే ఏర్పాటు ఉండేది. మాటలు రికార్డు చేసుకోవడానికి అది బాగానే పనిచేస్తుంది. రాక్ కచేరీలో మాత్రం ప్రతి డ్రమ్ము దెబ్బకూ గిటారు లోపలికి కుంగి, మళ్లీ పైకి తేలుతుంది. వింటుంటే పాట ఎగశ్వాస తీస్తున్నట్టు ఉంటుంది. దానికి తోడు వ్యాయామశాల గోడల ప్రతిధ్వని, పక్క సీటువాడి ఈల. ఆ టేపుకు కాపీ, కాపీకి కాపీ. జిరాక్సుకు జిరాక్సు తీస్తే అక్షరం మసకబారినట్టు, ఒక్కో కాపీతో బుస పెరుగుతుంది, పై స్వరాల మెరుపు పోతుంది.

అందుకే ఇలాంటి టేపుల్ని బాగుచేసేవాళ్ల మొదటి పని కంప్యూటరు ముందు కూర్చోవడం కాదు, అసలు టేపు కోసం వెతకడం. అయిదో కాపీ మీద ఆరు నెలలు కష్టపడినా, అసలు టేపును ఒక్కసారి జాగ్రత్తగా ఆడించినంత ఫలితం రాదు. దొరికాక దాన్ని వెంటనే ఆడించరు. 1970ల నడుమ నుంచి వచ్చిన కొన్ని రకాల టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమ పీల్చుకుని జిడ్డుగా మారుతుంది. అలాగే ఆడిస్తే పొడి రాలి యంత్రానికి అంటుకుంటుంది. యాభై డిగ్రీల దరిదాపు వేడిలో గంటల తరబడి ఉంచి, తేమ వదిలించి, అప్పుడు ఆడిస్తారు. అంతకంటే పాతవైన అసిటేటు టేపులకు మాత్రం ఈ వైద్యం పనికిరాదు, చెడిపోతాయి.

తర్వాత హెడ్డు కోణం. నా మటుకు నాకు పని మొత్తంలో ఇదే ప్రాణం. టేపు మీద ఒరుసుకునే హెడ్డులో వెంట్రుక కన్నా సన్నటి చీలిక ఒకటి ఉంటుంది. రికార్డు చేసిన యంత్రంలో ఆ చీలిక ఏ కోణంలో నిలబడిందో, ఆడించే యంత్రంలోనూ సరిగ్గా అలాగే నిలబడాలి. మా ఇంట్లో ఒక క్యాసెట్టు ఉంది. పెదనాన్న ఊళ్లో కృష్ణుడి వేషం కట్టిన రాత్రి నాన్న ముందు వరసలో కూర్చుని పట్టినది. ఎన్నేళ్లు విన్నా దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టే ఉండేది. టేపు పాడైపోయిందనుకున్నాం. ఒకరోజు అది తిరుగుతుండగానే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను సన్నటి స్క్రూడ్రైవరుతో పావు వంతు తిప్పాను. మధ్యలో ఒకచోట దుప్పటి తొలగిపోయింది. తాళాలు గణగణమన్నాయి, ‘స’కారాలు విడివిడిగా తెలిశాయి. ఇంకాస్త తిప్పితే మళ్లీ మసక. ఆ చోటు కొన్ని వెంట్రుకవాసుల మేరే. కంప్యూటరులో పై స్వరాలు పెంచి దాన్ని తేలేము. టేపు మీదినుంచి ఎత్తుకోని శబ్దాన్ని పెంచేదేముంది?

ఆపై వేగం. బ్యాటరీలు నీరసిస్తున్నకొద్దీ మోటారు మెల్లగా తిరుగుతుంది. మెల్లగా తిరుగుతూ పట్టినదాన్ని మామూలు వేగంతో ఆడిస్తే పాట పరిగెత్తుతుంది, శ్రుతి పైకి పోతుంది. వేగంలో దాదాపు ఆరు శాతం తేడా అంటే అర శ్రుతి. కచేరీ మొదట్లో సరిగ్గా ఉండి చివరికి వచ్చేసరికి ఎగబాకే టేపులు బోలెడు. మరి అసలు శ్రుతి ఎంతో ఎలా తెలుస్తుంది? అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు. వేదిక మీది యాంప్లిఫయర్ల గుర్రుమనే మోత సాధారణంగా దానికి రెట్టింపు, 120 దగ్గర దొరుకుతుంది. టేపులో అది 126 అని కనపడితే అయిదు శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. అలా మనం తిట్టుకునే ఆ మోతే కొలబద్ద అవుతుంది. గిటారిస్టు డువేన్ ఆల్మన్ కచేరీల్లాంటి వాటిలో ఇంకో సౌకర్యం ఉంది. తమ్ముడు గ్రెగ్ వాయించే హామండ్ ఆర్గన్‌లో చక్రాలు కరెంటు ఆవృత్తిని బట్టే తిరుగుతాయి గనుక దాని శ్రుతి కదలదు. మా క్యాసెట్టుకైతే నాటకంలో వాయించిన హార్మోనియమే సాక్ష్యం. అది ఇంకా ఊళ్లోనే ఉంది. పక్కన పెట్టి చూస్తే టేపు దాదాపు అర శ్రుతి ఎక్కువ పలికింది. దించాక గాని అది పెదనాన్న గొంతు కాలేదు.

ఇక్కడ తొందరపడితే మోసపోతాం. జిమీ హెండ్రిక్స్ చాలా కచేరీల్లో తన గిటారు తీగల్నే అర శ్రుతి దించి కట్టుకునేవాడు. ఆ సంగతి తెలియని మనిషి ‘టేపు మెల్లగా ఉంది’ అనుకుని వేగం పెంచితే, సరిగ్గా ఉన్నదాన్ని చేతులారా చెడగొట్టినట్టు. గిటారిస్టు అలవాట్లు తెలియకుండా ఈ పనికి దిగకూడదు.

క్షణక్షణానికీ ఊగే వేగాన్ని సరిచేయడానికి మరో ఉపాయం ఉంది. రికార్డు చేసేటప్పుడు టేపుల యంత్రాలు చెవికి అందని ఒక ఎత్తైన కంపనాన్ని కూడా సంకేతంతో కలిపి పంపుతాయి. దాన్ని బయస్ అంటారు. దాని జాడ టేపు మీద మిగిలితే, ప్లాన్‌జెంట్ ప్రాసెసెస్ అనే సంస్థవాళ్లు ప్రత్యేకమైన పరికరాలతో దాన్ని చదివి, అది ఎక్కడ ఊగిందో పాటనూ అక్కడ ఎదురు దిశలో సర్దుతారు. జానపద గాయకుడు వుడీ గథ్రీ 1949లో చేసిన కచేరీని శ్రోత ఒకరు సన్నటి ఉక్కుతీగ మీద రికార్డు చేస్తే, దాన్ని బాగుచేయడంలో పాలుపంచుకున్నది ఈ సంస్థే. ఆ ఆల్బమ్‌కు 2008లో గ్రామీ వచ్చింది.

బుస తీసేయడం ఇప్పుడు తేలిక. ఆ తేలికే ప్రమాదం. బుసకూ, తాళాల ఝంకారానికీ, తీగ మీద స్వరం ఆరిపోయే చివరి క్షణానికీ మధ్య గీత చాలా పలచన. అత్యాశతో తీస్తే మూడూ కలిసి పోతాయి, మిగిలింది నీళ్లలో మునిగి పాడుతున్నట్టు ఉంటుంది. ఎక్కువ తీసినదానికన్నా కొంచెం బుస ఉంచినదే నాకు ఇష్టం. చెవి పది నిమిషాల్లో బుసను మరిచిపోతుంది, పోయిన స్వరాన్ని మాత్రం మరవదు. జనం సద్దు విషయంలోనూ అంతే. పాటకూ పాటకూ మధ్య చప్పట్లు కత్తిరిస్తే హాలు మాయమవుతుంది. స్పోకేన్‌లో ఆ రాత్రి విన్నవాళ్లకు లెడ్ జెప్లిన్ తొలి ఆల్బమ్ అప్పటికింకా తెలియదు. వాళ్లు ఎప్పుడు కదిలారు, ఎక్కడ ఊరుకున్నారు అన్నది కూడా ఆ టేపు చెప్పే కథలో భాగమే.

గొంతునూ గిటారునూ డ్రమ్ములనూ కంప్యూటరే విడదీసే విద్య ఇప్పుడు వచ్చింది. 2023లో బీటిల్స్ ‘నౌ అండ్ దెన్’ పాటలో జాన్ లెనన్ గొంతును పాత క్యాసెట్టులోని పియానో నుంచి వేరుచేసింది అదే. ఒక్క మైకుతో పట్టిన కచేరీ టేపు మీద అది పనికొస్తుంది, అయితే కొంతవరకే. మైకు అసలు వినని స్వరాన్ని ఏ యంత్రమూ తిరిగి తేలేదు. తెచ్చినట్టు కనపడితే అది కల్పించింది. అలాంటి కాపీ మీద ఏమేం చేశారో రాసి ఉంచాలి, చెయ్యి పెట్టని కాపీని పక్కన భద్రపరచాలి. రేపు ఇంతకన్నా మంచి పద్ధతి వస్తే దానికి మొదలు అదే.

ఒకప్పుడు దొంగ సరుకన్న ఈ టేపుల్ని ఇప్పుడు బృందాలే అడిగి తీసుకుంటున్నాయి. 1975 ఏప్రిల్ 26న లాస్ ఏంజిలిస్‌లో పింక్ ఫ్లాయిడ్ కచేరీని మిలార్డ్ పట్టిన టేపు, సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ చేతిమీదుగా బాగుపడి, 2025 డిసెంబరులో బృందం అధికారిక సంపుటిలోనే వచ్చింది. మిలార్డ్ అది చూడలేదు, 1994లోనే పోయాడు. హెండ్రిక్స్ కుటుంబ సంస్థ ఆ పని ఇంకా ముందే చేసింది. 1998లో డాగర్ రికార్డ్స్ పేరుతో తెచ్చిన మొదటి ఆల్బమే, 1969 ఏప్రిల్ 27న ఓక్లండ్‌లో ఒక అభిమాని జనంలో కూర్చుని పట్టిన టేపు. ధ్వని గొప్పగా ఉండదు. చివరి పాటకు జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందం నుంచి జాక్ కాసడీ వేదిక ఎక్కి బేసు అందుకుంటాడు. చుట్టూ కేకలు. వాటి కిందనుంచి, మసగ్గానే అయినా, హెండ్రిక్స్ గిటారు పక్కన కాసడీ బేసు వినపడుతూనే ఉంటుంది.