మందులు వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా? వాక్యంతో పరీక్షిద్దాం

ఈ రోజు టాపిక్ నాకు కొంచెం పర్సనల్.

రెండేళ్ల క్రితం మా అమ్మ షుగర్ ట్యాబ్లెట్లు మానేసింది. మీటింగ్స్‌లో ఒక ప్రసంగీకుడు, "యేసు దెబ్బల వల్ల స్వస్థత ఎప్పుడో వచ్చేసింది, ఇంకా మందులు మింగడం అవిశ్వాసం" అన్నాడట. అమ్మ మాకెవరికీ చెప్పలేదు. మూడు వారాలకి స్పృహ తప్పి పడిపోతే హాస్పిటల్‌లో చేర్చాం. కళ్లు తెరిచాక అడిగిన మొదటి మాట, "నా విశ్వాసం చాల్లేదా నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే బైబిల్ తీశాను.

ముందు ఒక డౌట్. దైవజనుల బోధని పరీక్షించొచ్చా? అపొస్తలుల కార్యములు 17:11 చూడండి. బెరయలో బోధించింది సాక్షాత్తూ పౌలు. అయినా అక్కడివాళ్లు ఆయన చెప్పింది నిజమో కాదో అని రోజూ లేఖనాలు వెతికారు. లూకా వాళ్లని తప్పుపట్టలేదు, మెచ్చుకున్నాడు.

సరే, ఆ ప్రసంగీకుడు వాడిన వాక్యాలు యెషయా 53:5, 1 పేతురు 2:24. పేతురు అధ్యాయంలో కొంచెం పైనుంచి చదవండి. ఆయన మాట్లాడేది అన్యాయంగా దెబ్బలు తింటున్న పనివాళ్లతో. అదే వచనంలో పాపం గురించి ఉంది, తర్వాతి వచనంలో దారి తప్పి తిరిగొచ్చిన గొర్రెల గురించి ఉంది. అంటే ముఖ్య విషయం పాపం నుంచి బాగుపడటం.

కానీ నిజాయితీగా ఇంకోటి కూడా చెప్పాలి. మత్తయి 8:17 యెషయా 53:4ని యేసు రోగుల్ని బాగుచేయడంతో కలుపుతుంది. కాబట్టి శరీరానికి అసలు సంబంధమే లేదు అనలేం. అయితే ఈ వాక్యాల్లో ఎక్కడా మందులు మానమని లేదు.

ఇప్పుడు మిగతా బైబిల్. ఒక్క టెస్ట్ కేస్ పాస్ అయితే కోడ్ కరెక్ట్ అనం కదా! 1 తిమోతి 5:23లో, తరచూ జబ్బు పడే తిమోతికి పౌలు కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం తీసుకోమన్నాడు. 2 తిమోతి 4:20లో త్రోఫిముని జబ్బుతోనే మిలేతులో వదిలొచ్చాడు. వీళ్లకి విశ్వాసం లేదని పౌలు ఎక్కడా అనలేదు. హిజ్కియాకి దేవుడే ఆయుష్షు పెంచాడు, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద పెట్టారు, యెషయా 38లో ఉంది.

"మరి ఆసా రాజు?" అంటారు. 2 దినవృత్తాంతములు 16:12. నిజమే, వైద్యుల దగ్గరికెళ్లాడు. కానీ అక్కడ తప్పు దేవుణ్ణి అడగకపోవడం. ఆ అధ్యాయం మొత్తం అదే కథ, యుద్ధమొచ్చినా దేవుణ్ణి వదిలి సిరియా రాజుని నమ్ముకున్నాడు. వైద్యమే పాపమైతే, కొలొస్సయులకు 4:14లో లూకాని ప్రియమైన వైద్యుడు అని పౌలు ఎందుకంటాడు?

ఇంకోవైపు, స్వస్థతలు అపొస్తలులతోనే ఆగిపోయాయి అనే సంఘాలూ ఉన్నాయి. ఆ అద్భుతాలు అపొస్తలుల్ని రుజువు చేయడానికే అని వాళ్ల వాదన, 2 కొరింథీయులకు 12:12 చూపిస్తారు. కానీ యాకోబు 5:14 రోగిని పిలవమంది అపొస్తలుల్ని కాదు, సంఘ పెద్దల్ని. నూనె రాసి ప్రార్థించమంది. కాబట్టి ఈ బోధ కూడా నాకు పూర్తిగా నిలబడినట్టు అనిపించలేదు.

మరి నాకు అర్థమైంది ఏంటంటే, ప్రార్థనకీ మందుకీ బైబిల్ పోటీ పెట్టలేదు. స్వస్థత ఇవ్వడం దేవుని ఇష్టం. రాకపోతే రోగి మీద నింద వేసే హక్కు ఎవరికీ లేదు. పౌలు కూడా తన ముల్లు తీసేయమని మూడుసార్లు అడిగాడు. తీసేయలేదు, కృప చాలన్నాడు.

ఈ వచనాలన్నీ అమ్మతో కూర్చుని చదివాను. త్రోఫిము దగ్గర ఆగి, "అయితే తప్పు నాది కాదన్నమాట" అంది. ఇప్పుడు పొద్దున్నే ప్రార్థన చేసుకుంటుంది, ట్యాబ్లెట్ వేసుకుంటుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా మందులు మానేసి ఉంటే, ఈ రోజే అడగండి, డాక్టర్‌కి చూపించండి. నేను చెప్పిందీ గుడ్డిగా నమ్మొద్దు. రిఫరెన్సులన్నీ ఇచ్చాను, ఫోన్ పక్కన పెట్టి బైబిల్ తెరవండి.