ఉక్కు పగుళ్ల నుంచి మోకాలి పొర దాకా

1955 జులైలో గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ఆపరేషన్లలో తీసిన గడ్డలనూ నీటితిత్తులనూ కార్ల డిక్కీల్లో వేసుకుని రెన్‌ఫ్రూలోని ఓ బాయిలర్ల కర్మాగారానికి వెళ్లాడు. ఉక్కులో పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్ యంత్రం అక్కడ ఉంది. దాంతో పరీక్షిస్తే గట్టి గడ్డ నుంచి ప్రతిధ్వని ఒకలా, నీటితిత్తి నుంచి మరోలా తిరిగొచ్చింది. 1958లో ఆయన, జాన్ మెక్‌వికార్, ఇంజినీరు టామ్ బ్రౌన్ కలిసి 'లాన్సెట్'లో రాసిన వ్యాసంతో ఆ యంత్రానికి ఆస్పత్రి తలుపులు తెరుచుకున్నాయి.

కీళ్ల దగ్గరికి రావడానికి మాత్రం ఇంకా సమయం పట్టింది. పిక్క వాచినప్పుడు అది సిరలో రక్తం గడ్డకట్టడమా, మోకాలి వెనక బేకర్ తిత్తా అని స్కానింగ్‌తో తేల్చవచ్చని 1972లో మెక్‌డొనాల్డ్, లియోపోల్డ్ చూపించారు. 1978లో కూపర్‌బర్గ్ బృందం రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్న మోకాళ్లలో మందమెక్కిన కీలు లోపలి పొరను తెరమీద పట్టుకుంది. కడుపు స్కానింగ్‌కు మూడు నుంచి ఐదు మెగాహెర్ట్జ్ ధ్వని సరిపోతుంది. కీలు పొర చర్మానికి దగ్గరగా ఉంటుంది, పైగా పలుచన. దానికి పది మెగాహెర్ట్జ్ పైబడిన ప్రోబ్‌లు కావాలి. అవి లోతుకు పోలేవు కానీ సన్నని వివరం చూపిస్తాయి.

కీలుకు జిగురునీరు అందించే ఈ పొరకు సైనోవియం అని పేరు. క్యాన్సర్ కాకుండానే దానికి చాలా జబ్బులు వస్తాయి. మోకాలు ఉబ్బింది, లోపల ఉన్నది నీరా, పెరిగిన పొరా? డాక్టర్ ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే నీరు పక్కకు జరుగుతుంది, పొర అంతగా జరగదు. ఈ యంత్రం గొప్పతనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది: రోగి కాలు మడుస్తుంటే, డాక్టర్ చెయ్యి నొక్కుతుంటే, బొమ్మ అప్పటికప్పుడు మారుతుంది. లైపోమా ఆర్బోరెసెన్స్‌లో పొర మీద మొలిచిన కొవ్వు కొమ్మలు తెల్లగా మెరుస్తూ, చెరువులో నాచులా కీలులోని నీటిలో ఊగుతాయి. సైనోవియల్ కాండ్రోమటోసిస్‌లో మృదులాస్థి పూసలు కనిపిస్తాయి. సున్నం పట్టకపోతే ఎక్స్‌రేకు దొరకని ఆ పూసలను ధ్వని పట్టుకోగలదు. సున్నం పట్టినవాటి వెనక నల్లని నీడ పడుతుంది.

ఒకప్పుడు పీవీఎన్ఎస్ అని పిలిచిన, ఇప్పుడు టీనోసైనోవియల్ జెయింట్ సెల్ ట్యూమర్ అంటున్న జబ్బు దగ్గర దీని పరిమితి బయటపడుతుంది. ముద్దముద్దలుగా దళసరెక్కిన పొర, డాప్లర్ పెడితే అందులో రక్తప్రవాహం కనిపిస్తాయి. కానీ పదేపదే రక్తం కారి పొరలో పేరుకున్న ఇనుము జాడను పట్టడానికి ఎంఆర్ఐ కావాలి. ప్రమాదకరమైన సైనోవియల్ సార్కోమా కూడా ఒక్కోసారి మామూలు గడ్డలాగే కనిపిస్తుంది కాబట్టి, స్కానింగ్ ఒక్కటే చూసి 'భయం లేదు' అనడం తప్పని నా గట్టి అభిప్రాయం. అనుమానం ఉంటే ముక్క తీసి పరీక్షించాల్సిందే. ఆ పనిలోనూ ఈ యంత్రం తోడుంటుంది: సూది మొన ఎక్కడిదాకా వెళ్లిందో తెరమీద చూసుకుంటూ డాక్టర్ సరిగ్గా దళసరెక్కిన చోటుకే చేరగలడు.