ధర పెరిగినా లాభం తరగవచ్చు

తిరుమలాయపాలెం: ఈ మండలపు పత్తి ఖమ్మం యార్డులో కాటాకెక్కే వేళ వర్తకుల నోట వినిపించే మాటలు మూడు: పెరుగుదల, తగ్గుదల, నిలకడ. గణితంలోనూ ఈ మూడే ఉన్నవి. ఒక సంఖ్యను బట్టి మరొక సంఖ్య నిర్ణయమయ్యే సంబంధాన్ని ప్రమేయం అంటారు. మొదటిది పెరిగేకొద్దీ రెండవదీ పెరిగితే ఆరోహణ ప్రమేయం, తగ్గితే అవరోహణం, మారకుంటే స్థిరం.

పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2023-24లో రూ. 7,020, 2024-25లో రూ. 7,521, 2025-26లో రూ. 8,110. సంవత్సరాలను బట్టి చూస్తే ఇది ఆరోహణం. ఒక్క సీజను లోపల చూస్తే స్థిరం. తేమను బట్టి చూస్తే అదే ధర అవరోహణం. 8 శాతం తేమ ఉన్న సరుకుకు భారత పత్తి సంస్థ పూర్తి ధర చెల్లిస్తుంది. ఆపైన తేమ ఒక శాతం పెరిగితే ధరలో ఒక శాతం కోత. 2025-26 ధరపై ఈ కోత రూ. 81.10. 12 శాతం తేమకు దక్కేది రూ. 7,785.60 మాత్రమే. అది దాటితే సంస్థ కొనదు.

కనుక దేనిని బట్టి, ఏ హద్దుల మధ్య అన్నది తేల్చకుండా "ధర పెరుగుతున్నది" అంటే లెక్క పూర్తి కాదు.

సరుకు నిలవ చేసే వర్తకునికి ఇది మరీ ముఖ్యం. ఉదాహరణకు క్వింటాలు రూ. 7,000 చొప్పున కొని గోదాములో వేశారనుకుందాం. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ అయితే రూ. 105. అద్దె, తరుగు కలిపి మరో రూ. 15. అంటే నెల గడిచేసరికి ఖర్చు రూ. 120 పెరుగుతుంది. మార్కెట్టు నెలకు రూ. 150 హెచ్చితే లాభం ఆరోహణం. సరిగా రూ. 120 హెచ్చితే స్థిరం. రూ. 80 మాత్రమే హెచ్చితే, ధర పెరుగుతూనే ఉన్నా, నెలకు క్వింటాలుపై రూ. 40 చేతినుంచి పోతున్నట్లే. ధర నిలకడగా ఉంటే పోయేది పూర్తిగా రూ. 120.

బోర్డుపై ధర ఎటు పోతున్నదో అందరూ చూస్తారు. ధరలోనుంచి ఖర్చు తీసివేయగా మిగిలేది ఎటు పోతున్నదో చూసుకున్న తరువాతనే సరుకు ఉంచడమా, అమ్మడమా తేల్చుకోవలసి ఉన్నది.